ఐదు సంతకాలు

గుంటూరులో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో కామేశం అనే డాక్టరు ఉండేవాడు. చేతిలో విద్య మెండుగా ఉంది కానీ, తనకంటే చిన్నవాళ్ళు చెప్పే మాట మాత్రం ఆయన చెవికెక్కేది కాదు.

ఆయన గొప్పవాడని ఒప్పుకోవాల్సిందే. మెడ తడిమి చూసి ఇది లింఫోమా అన్నాడంటే, తర్వాత ముక్క తీసి చేసిన పరీక్షలోనూ అదే వచ్చేది. లింఫోమా అంటే ఒంట్లో రోగాలతో పోరాడే గ్రంథులకే పట్టే క్యాన్సర్. అయితే ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది. ఎంత పెద్ద డాక్టరైనా ఒక్కడే మందు మొదలుపెట్టడానికి వీల్లేదు. ప్రతి గురువారం ఐదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చునేవారు. ముక్క పరీక్షించిన డాక్టరు, స్కాన్ చూసిన డాక్టరు, వైద్యం చేసే డాక్టరు, మందు కలిపే ఫార్మసిస్టు, రోగిని చూసుకునే నర్సు. ఐదుగురూ సంతకం పెడితేనే కాగితం కదిలేది. అందులోనూ మొదట మాట్లాడాల్సింది నర్సు. రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది ఆమే కదా!

కామేశానికి ఈ పద్ధతంటే ఒళ్ళు మంట. "వైద్యానికి కూడా పంచాయితీ పెట్టాలా?" అని విసుక్కునేవాడు.

ఒకసారి నాంచారమ్మ అనే ఆవిడ వచ్చింది. మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీసే పని ఆవిడది. మెడ పక్కన గడ్డలు లేచి మూడు నెలలైనా, రోజూ జ్వరం కాస్తున్నా, పనిపోతుందని ఓర్చుకుంది. భర్త లేడు. తొమ్మిదో తరగతి చదివే కూతురికి ఆవిడే దిక్కు.

"నా బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసేదాకా బతికుంటే చాలు సార్," అంది.

"పదేమిటమ్మా, డిగ్రీ కూడా చూస్తావు. ఇది నయమయ్యే జబ్బే," అన్నాడు కామేశం.

పరీక్షలన్నీ ఒక బుధవారానికి వచ్చాయి. అది లింఫోమానే. కాలేయం పరీక్షలో మాత్రం ఏ లోపమూ కనిపించలేదు. "ఇవాళే మందు ఎక్కించండి. సంతకాలు రేపు చూసుకుందాం," అన్నాడు కామేశం.

నర్సు ఏస్తేరు నాంచారమ్మ చెయ్యి పట్టుకుని నరం వెతికింది. మణికట్టు పైన గుండ్రంగా రెండు పాత మచ్చలు కనిపించాయి.

"ఇవేంటక్కా?"

"వాతలమ్మా. పదేళ్ళ కిందట పచ్చకామెర్లొస్తే మా ఊళ్ళో పెట్టారు. తగ్గిపోయాయిలే."

"డాక్టరుగారికి చెప్పావా?"

"ఆయన అడగలా. చెబితే తిడతారేమోనని నేనూ ఊరుకున్నా."

ఏస్తేరు సూది పక్కన పెట్టి కామేశం దగ్గరికి వెళ్ళింది. "సార్, ఈమెకు ఇదివరకు కామెర్లు వచ్చాయంట. రేపటి దాకా ఆగుదాం," అంది.

"కాలేయం బాగుందని రిపోర్టు వచ్చింది కదా! సూది గుచ్చడం నీ పని, వైద్యం నా పని."

ఏస్తేరుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కదల్లేదు. "గుచ్చుతాను సార్. ఐదు సంతకాలూ చూపించండి," అంది.

కామేశం మండిపడి ఫార్మసిస్టు మస్తానుకు ఫోన్ చేశాడు. "సంతకాల కాగితం పంపండి సార్, క్షణంలో కలిపి పంపిస్తా," అన్నాడు మస్తాను, మహా వినయంగా.

ఆ ఇద్దరికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. పెద్ద డాక్టరు గుడ్లురిమితే ఎదురు నిలబడడం తేలికా?

మర్నాడు మీటింగుకు కామేశం ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు. ఏస్తేరు వాతల సంగతి చెప్పింది. ముక్క పరీక్షించిన డాక్టరు వెంటనే, "పాత కామెర్ల వైరస్ ఒక్కోసారి మామూలు పరీక్షకు దొరకదు. ఇంకో రక్తపరీక్ష ఉంది, చేయిద్దాం," అన్నాడు.

ఆ పరీక్షలో గుట్టు బయటపడింది. వైరస్ కాలేయంలో చప్పుడు చెయ్యకుండా దాక్కుని ఉంది. మందు ఎక్కించి ఉంటే అది విజృంభించి కాలేయాన్నే తినేసేది. కామేశం ఆ రిపోర్టు రెండుసార్లు చదివాడు. ముందు వైరస్‌కు మాత్రలు ఇచ్చి, ఆ తర్వాతే క్యాన్సర్ మందు మొదలుపెట్టారు.

ఆరు నెలలకు గడ్డలు కరిగిపోయాయి. నాంచారమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, వార్డులో అందరి ముందూ కామేశం కాళ్ళ మీద పడబోయింది. "మీరే నా దేవుడు సార్!"

ఆ దండం అందుకుని ఊరుకుంటే ఆయన్ని అడిగేవాళ్ళెవరూ లేరు. కానీ కామేశం వెనక్కి జరిగాడు.

"నాకు కాదమ్మా. నేనొక్కణ్ణే అయ్యుంటే ఆ రోజే నీ ప్రాణం తీసేవాణ్ణి. నిన్ను కాపాడింది ఈ సిస్టరు," అన్నాడు. తర్వాత ఏస్తేరు వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఆ రోజు నీ మాట వినలేదు. తప్పు నాదమ్మా."

"అయ్యో, ఊరుకోండి సార్!" అంది ఏస్తేరు.

నీతి: ఎంత విద్య ఉన్నా ఒక్కడి కంటికి అన్నీ కనబడవు. తోటివాళ్ళ మాట, వాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా, చెవిన పెట్టినవాడే ఇతరుల ప్రాణం నిలబెట్టగలడు.