పైడయ్య మాస్టారి మూడు గీతలు

నూకరత్నం గారి దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్లం అప్పట్లో అయిదుగురం. తన గురువు పైడయ్య మాస్టారు పోయిన రోజున కూడా ఆవిడ ఏటా పాఠం చెప్పేవారు. ఫొటోకి దండ వేయడం, నలుగురిని పిలిచి మాట్లాడించడం ఉండేది కాదు. ఆయన వేసిన బొమ్మ ఒక్కటైనా ఆవిడ ఇంటి గోడల మీద లేదు. ఒక ఏడు ఆ రోజున హైమ ఉండబట్టలేక అడిగేసింది.

"టీచరుగారూ, మాస్టారి పేరెత్తితే మీ కళ్లు చెమరుస్తాయి. మరి ఆయన గుర్తుగా ఏమీ ఉంచుకోలేదేం?"

ఆవిడ "ఉంచుకుందామనే ఒక పని చేశాను" అని, జరిగింది చెప్పారు.

పైడయ్య మాస్టారిది భీమిలి. పడవలు, వలలు, ఆ వలలు బాగుచేసుకునే మనుషులు, ఆయన వేసినవన్నీ అవే. ఎవరు బాగుందంటే వాళ్లకి ఆ బొమ్మ ఇచ్చేసేవారు. "తప్పు" అనే మాట ఆయన నోట శిష్యులెవరూ వినలేదు. భుజం మీదుగా కాసేపు చూసి, జేబులోంచి జేగురు రంగు సుద్దముక్క తీసి, కాగితం మీద ఒక్క గీత గీసి వెళ్లిపోయేవారు. ఎందుకు గీశారో గీయించుకున్నవాళ్లే తెలుసుకోవాలి.

నూకరత్నం గారు అప్పటికింకా రత్నమే, పంతొమ్మిదేళ్లు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఇంటి పిల్ల. ఆడపిల్లకి బొమ్మలేమిటని ఇంట్లో మాన్పించబోతే, మాస్టారే వెళ్లి వాళ్ల నాన్నని ఒప్పించి తీసుకొచ్చారు. ఆయన మంచం పట్టిన ఏడు, ఆయన భార్య అచ్చియ్యమ్మగారు వసారాలో బియ్యం చెరుగుతూంటే రత్నం పెన్సిలుతో ఆవిడ బొమ్మ గీసింది. మాస్టారు దాన్ని మంచం దగ్గరకి తెప్పించుకున్నారు. వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మూడు గీతలు గీశారు. మెడ వంపులో ఒకటి, కంటి కొసన ఒకటి, చాట పట్టుకున్న మణికట్టు దగ్గర ఒకటి. ఆ తరవాత ఆయన సుద్ద పట్టుకోలేదు. పదకొండో రోజున పోయారు.

ఊళ్లో సంతాపసభ పెట్టారు. మాస్టారు గీసినవి ఎవరి దగ్గర ఏమున్నా తెమ్మన్నారు. రత్నం తన బొమ్మ ముందు పెట్టుకుని కూచుంది. ఆ మూడు గీతలు తప్ప తక్కినదంతా తన చేతకానితనమే అనిపించింది. అంత గొప్ప చేతి పక్కన తన గీతలెందుకు అనుకుంది. రొట్టెముక్క మెత్తగా పిసికి, ఎర్రగీతలకి తగలకుండా, తన పెన్సిలు గీతలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. ఒక పగలంతా పట్టింది. అద్దం కట్టించి, సభకి ముందు అచ్చియ్యమ్మగారికి చూపిద్దామని పట్టుకెళ్లింది.

ఆవిడ చీర చెంగుతో అద్దం తుడిచి చూశారు. తెల్లకాగితం మీద ఒకదానికొకటి పొత్తులేని మూడు ఎర్ర వంకరలు.

"ఏటి రత్నం ఇది?"

"మాస్టారి గీతలమ్మగారూ. ఆయనవే ఉంచాను. నావి చెరిపేశాను."

అచ్చియ్యమ్మగారు అద్దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. "నలభయ్యేళ్ల కాపురంలో ఆయన నా బొమ్మ ఒక్కటీ వెయ్యలేదే" అన్నారు. "పోయేముందు నీ బొమ్మలోనే నన్ను చూసుకున్నారు. ఇందులో నేనెక్కడున్నానే?"

అప్పటికి గానీ రత్నానికి తను చేసిందేమిటో తెలియలేదు. కాగితాన్ని వెలుతురుకెత్తి చూసింది. పెన్సిలు జాడ ఎక్కడా మిగల్లేదు. గోడకి జారగిలబడి ఏడ్చింది. అచ్చియ్యమ్మగారు ఓదార్చలేదు. లోపలికెళ్లి, చాటలో బియ్యం పోసుకొచ్చి, మునుపు కూచున్నచోటే కూచున్నారు.

"గియ్యి" అన్నారు.

రత్నం కళ్లు తుడుచుకుని, వేరే కాగితం తీసుకుని మొదలుపెట్టింది. తల వచ్చింది, మెడ వచ్చింది. మణికట్టు గీశాక చెయ్యి ఆగింది. ఏదో కుదరలేదు. అలవాటు కొద్దీ భుజం మీదుగా వెనక్కి చూసింది. ఖాళీ మంచం, చుట్టిపెట్టిన పరుపు.

"ఆగిపోయావేం?" ఆవిడ తల ఎత్తకుండానే అడిగారు.

రత్నం ఇటు తిరిగి ఆవిడ చేతి వంక చూసింది. చూస్తూనే ఉండిపోయింది. చాట బరువుకి ఆ మణికట్టు లోపలికి వంగి ఉంది. తను నిటారుగా గీసింది. చెరిపి, వంచింది. అప్పుడు బొమ్మలోని చాటలోకి బియ్యం వచ్చినట్టయింది.

ఆ బొమ్మని అచ్చియ్యమ్మగారే ఉంచుకున్నారు. ఆవిడ పోయాక, ఆ ఇల్లు చేతులు మారినప్పుడు అది ఎటు పోయిందో తెలియదు. మూడు గీతల కాగితాన్ని రత్నం సభకి తీసుకెళ్లలేకపోయింది. సముద్రపు చెమ్మకి సుద్ద ఎన్నాళ్లుంటుంది? రెండు వానాకాలాలు గడిచేసరికి అద్దం వెనక ఉత్త కాగితం మిగిలింది.

ఇంతవరకూ చెప్పి నూకరత్నం గారు ఆపారు. హైమ మళ్లీ అడిగింది.

"అయితే ఆయనది ఇక ఏమీ మిగల్లేదా టీచరుగారూ?"

"ఇప్పటికీ గీస్తూ గీస్తూ ఒక్కోచోట చెయ్యి ఆగిపోతుంది హైమా" అన్నారావిడ. "ఎందుకాగిందో అప్పుడు తెలీదు. కాసేపు చూస్తే తెలుస్తుంది."