రత్నం గారి చీటీ

తప్పులు పట్టడంలో తనను మించినవాడు లేడని ప్రభంజన్ నమ్మకం. ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో పీజీ డాక్టరుగా చేరి నెలే అయింది.

ఆ ఉదయం రొమ్ము ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ గదికి ఒక చీటీ వచ్చింది. "రత్నం, యాభై ఆరేళ్ళు, పురుషుడు. రొమ్ములో గడ్డ." ఈ గదికి మగవాడెందుకొస్తాడని నవ్వుకుని, పురుషుడు కొట్టేసి స్త్రీ అని రాశాడు. తలుపు దగ్గర నిలబడి "రత్నమ్మగారూ!" అని మూడుసార్లు కేకేశాడు. వరండాలో ఆడవాళ్ళెవరూ లేవలేదు. చీటీ మీద "రాలేదు" అని రాసి, ప్రొఫెసర్ జహనారా గారికి చూపించాడు.

"గుమస్తా తప్పు రాశాడు మేడమ్. నేను దిద్దాను."

ఆవిడ కొట్టేసిన మాట చదివారు. బయటికెళ్ళి, బెంచీ చివర ఛాతీ మీద తువ్వాలు కప్పుకున్న మనిషి పక్కన కూర్చున్నారు.

"మళ్ళీ పిలువు బాబూ."

"రత్నమ్మగారూ!"

ఆ మనిషి తల దించుకుని లేచాడు. చెప్పులేసుకుని గేటు వైపు నడిచాడు.

"రత్నం గారూ," అన్నారు జహనారా మెల్లగా.

అతను ఆగిపోయాడు. "నేనేనండి. కొబ్బరి దింపులోణ్ణి. చెట్టు రాసుకుని కట్టిన గడ్డేమో అనుకున్నానండి. ఇది ఆడోళ్ళ గది కదండీ..."

"గడ్డకు ఆ సంగతి తెలీదండీ. రండి."

ప్రభంజన్ మొహం పాలిపోయింది. తనే మామోగ్రామ్ తీశాడు. తెర మీద కనిపించింది మగవాళ్ళకు చనుమొన కింద వచ్చే మామూలు ఉబ్బు కాదు. కాస్త పక్కగా, ముళ్ళంచులతో, చిన్న గడ్డ. అల్ట్రాసౌండ్‌లో చంకలో గడ్డలేవీ కనిపించలేదు. సూది పరీక్షలో క్యాన్సరే అని తేలింది. ఇంకా పాకలేదు. తీసేయొచ్చు.

ఆ ఫలితం వచ్చిన సాయంత్రం జహనారా ఆ చీటీని, కలాన్ని ప్రభంజన్ ముందు పెట్టారు.

"ఇప్పుడు దిద్దు."

అతను స్త్రీ కొట్టేసి మళ్ళీ పురుషుడు అని రాశాడు. "రాలేదు" కొట్టేసి "వచ్చారు" అని రాశాడు.

ఆపరేషనై ఏడాది తిరిగింది. వరండా నిండా జనం. ప్రభంజన్ తలుపు దగ్గరికొచ్చి పిలిచాడు.

"రత్నం గారూ!"

"వచ్చానండోయ్!" వరండా అంతా తిరిగి చూసింది. రత్నం ఛాతీ విరుచుకుని నడిచొచ్చాడు. "ఆ రోజు అమ్మగారు పిలవకపోతే మరి వచ్చేవోణ్ణి కాదండి. మొన్న చెట్టెక్కాను. నాలుగు గెలలు దింపాను!"

అతని చేతిలో ఇంకొకతని చెయ్యి ఉంది. ఆ మనిషి ఛాతీ మీద తువ్వాలు.

"మా బావమరిదండి. ఈడికీ గడ్డే. సిగ్గంటే లాక్కొచ్చాను."

ఆ మనిషి బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. లోపల బల్ల మీద అతని చీటీ ఉంది. జహనారా చూస్తూనే ఉన్నారు.

ప్రభంజన్ కలం జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి బెంచీ మీద అతని పక్కనే కూర్చున్నాడు.

"మీ పేరేంటండీ?"