పేరమ్మ సొరపందిరి

పూర్వం ఒక కోట వెనకాల కుమ్మరి పేరమ్మ ఇల్లు ఉండేది. కోటకు అడ్డదారి అని దండనాయకుడు గంగినాయకుడు రోజూ పొద్దున్నే పరివారంతో ఆమె దొడ్లోంచే నడిచేవాడు. ఆరబెట్టిన పచ్చికుండలు వాళ్ల కాళ్ల కింద చితికిపోయేవి.

"అయ్యా, ఇది నా ఇల్లు," అంది పేరమ్మ.

"రాజుగారికి తప్ప ఎవరికీ తలవంచని వాణ్ణి, నీ మాట వినాలా? నా దారికి కంప అడ్డం వేశావో, చెరసాలే!" అన్నాడు.

పేరమ్మ కంప వెయ్యలేదు. ఆయన సరిహద్దుకు వెళ్లిన రెండు నెలల్లో, దొడ్డి మొదట్లో సొరపాదు పెట్టి భుజమెత్తున పందిరి వేసింది.

తిరిగొచ్చిన గంగినాయకుడు మూరెడు తలపాగాతో పందిరి ముందు ఆగిపోయాడు. మండిపడి, ఆమెను రాజు ముందు నిలబెట్టాడు.

"దారి మూశావా?" అడిగాడు రాజు.

"లేదు ప్రభూ, తెరిచే ఉంది. కాస్త వంగితే చాలు. కానీ తమరికి తప్ప ఎవరికీ తలవంచనని దండనాయకులవారే అన్నారు. నా సొరకాయలకు వంగితే తమకు చిన్నతనం కాదూ?"

సభంతా పకపకా నవ్వింది. గంగినాయకుడు మర్నాటి నుంచి చుట్టుదారే పట్టాడు.

వారం తిరక్కుండా ఆ పందిరి చూడాలని రాజే వచ్చాడు. దొడ్డి బయటే ఆగి, "అమ్మా, లోపలికి రావచ్చా?" అంటూ వంగబోయాడు.

పేరమ్మ కంగారుగా ఎదురొచ్చింది. "వంగకండి ప్రభూ! అడిగి వచ్చేవాళ్లకు అటు వీధిగుమ్మం ఉంది. దాన్ని ఎత్తుగానే కట్టించాను."