వెనక్కి తీసుకున్న ముల్లు

అనగనగా ఒక అడవిలో, మనుషుల కంటే బుద్ధిగా తగవులు తీర్చుకునే అడవిలో, బరిసయ్య అనే ఏదుపంది ఉండేవాడు. ఏదుపంది తెలుసుగా పిల్లలూ? ఒళ్లంతా పొడుగాటి ముళ్లు. బరిసయ్యకు ఆ ముళ్ల కంటే పౌరుషం పొడుగు. పనికొచ్చే పౌరుషమైతే నేనీ కథ చెప్పేదాన్నే కాదు.

వాడి పెళ్లాం పేరు సూదమ్మ. వాళ్లకొక కూతురు, మొలక. ఆలుమగలిద్దరికీ పడలేదు. తప్పెవరిదని అడగకండి, ఎవరిదీ కాదు. వాడికి బొరియలో చప్పుడు ఉండకూడదు. ఆమెకు నాలుగు మాటలు మాట్లాడకపోతే ఊపిరాడదు. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లే. ఒకచోట ఉంటే మాత్రం రోజూ పోట్లాటే.

ఒకరోజు సూదమ్మే నోరు విప్పింది.

"ఏమయ్యా, ఇలా ఎన్నాళ్లు? చెరో దారి చూసుకుందామా?"

"నేనూ అదే అనుకుంటున్నా. నువ్వేమంటావోనని ఆగాను" అన్నాడు బరిసయ్య.

ఇద్దరికీ గుండె బరువు దిగింది. కూర్చుని మాట్లాడుకున్నారు. బొరియ బరిసయ్య ఉంచుకోవాలి. సూదమ్మ వాగు అవతల కొత్త బొరియ తవ్వుకోవాలి. మొలక తల్లి దగ్గర పెరగాలి, తండ్రి దగ్గరికి వచ్చిపోతూ ఉండాలి. అంతా ఒక్క పూటలో తేలిపోయింది.

ఆ అడవిలో ఇలాంటివి చూసేది ఎలుగు అవ్వ. ఆమె ముందు ఒక చాపరాయి ఉండేది. ఆలుమగలిద్దరూ కలిసి వచ్చి, తమ ఒంటి మీద నుంచి రాలిన ముల్లు చెరొకటి దాని మీద పెట్టారు.

"ఎవరి బలవంతమైనా ఉందా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా" అన్నారు ఇద్దరూ.

"అయితే ఎవరు ఎవర్ని ఏమన్నారో నాకు చెప్పకండి. వినే ఓపిక నాకు లేదు. ఈ వానాకాలం పోయేదాకా ఆగండి. అప్పుడూ ఇద్దరి మాటా ఇదే అయితే ఈ ముళ్లు వాగులో వేస్తా, ఎవరి దారి వాళ్లది. ఈలోగా మనసు మారినవాళ్లు తమ ముల్లు తీసుకుపోవచ్చు."

ఎంత సులువో చూశారా? ఇంత సులువైన పనిని చెడగొట్టడానికి కూడా ఒకడుంటాడు. వాడే ఉడుము. పట్టు పడితే వదలడు. మంచి పని పట్టుకోవచ్చుగా? అబ్బే, వాడికెప్పుడూ పక్కింటి గొడవే కావాలి.

"ఏం బావా, నీ పెళ్లాం నిన్ను వదిలేస్తోందటగా?" అన్నాడు.

"వదిలేయడమేంటి? ఇద్దరం అనుకున్నాం."

"సరేలే. ముందు అడిగిందెవరు?"

"ఆమే" అన్నాడు బరిసయ్య.

"అదీ సంగతి! రేపు అడవంతా నవ్వుతుంది. నా మాట విని ముల్లు తీసేసుకో. తప్పంతా ఆమెదని పంచాయతీ పెట్టు. నువ్వే గెంటేసినట్టు ఉండాలి గానీ, ఆమె పోయినట్టు ఉంటే ఏం బాగుంటుంది?"

బరిసయ్య పోయి తన ముల్లు తీసేసుకున్నాడు. ఇంతకంటే వెర్రితనం ఉంటుందా? కోరుకున్నది చేతికి వస్తుంటే, ఆమె కూడా అదే కోరుకుందని వద్దన్నాడు!

వానలు వెలిశాక సూదమ్మ వచ్చి చూస్తే రాయి మీద ఒక్క ముల్లే ఉంది.

"అంటే కలిసుందామనా?" అని బరిసయ్యను అడిగింది.

"కాదు. నీ తప్పు తేల్చి పంపిస్తా" అన్నాడు వాడు.

ఎలుగు అవ్వ తల పట్టుకుంది. తప్పు మోపితే ఏడాదికొక్కసారే విచారణ. అది తేలేదాకా బొరియ విడిచి వెళ్లినవాళ్లకు పిల్ల దక్కదు. అందుకని ఇద్దరూ ఆ ఒక్క బొరియలోనే ఉండిపోయారు.

మొదటి ఏడు బరిసయ్య అన్నాడు: "నిద్రలో ఈమె ముళ్లు గలగలలాడతాయవ్వా."

"ఏదుపంది ముళ్లు గలగలలాడక కోయిలలా కూస్తాయిరా? పో!" అంది అవ్వ.

రెండో ఏటికి సూదమ్మ కూడా నేర్చింది. ఆమే ముందు లేచి, "మా అమ్మను పంది అన్నాడవ్వా!" అంది.

"ఏదుపందిని పంది అనక ఏమంటారే? పొండి ఇద్దరూ!"

మూడో ఏటికి ఉడుము వాళ్ల బొరియలోనే కాపురం పెట్టాడు. సాక్ష్యం కోసం దగ్గరుండి చూడాలట! వాడే మొలకను తెచ్చి అవ్వ ముందు నిలబెట్టాడు.

"చెప్పమ్మా, మీ అమ్మే కదా చెడ్డది?" అన్నాడు.

"నిజం చెప్పు తల్లీ, మీ నాన్న ఎలాంటివాడో" అంది సూదమ్మ.

మొలక తండ్రిని చూసింది. తల్లిని చూసింది.

"అవ్వా, వీళ్లిద్దరి మధ్యా పడుకుని మూడేళ్లయింది. నా కుడి పక్క గాయాలు నాన్నవి, ఎడమ పక్కవి అమ్మవి. ఏవి ఎక్కువో వాళ్లనే చూసుకోమను. నేను పోతున్నా."

వెనక్కి చూడకుండా కొండ ఎక్కి పోయింది.

అప్పుడు దిగింది బరిసయ్య పౌరుషం. "అవ్వా, ముల్లు పెడతా! ఇప్పుడే పెడతా!" అని ఏడ్చాడు.

"పెట్టు. మళ్లీ వానలు పోయేదాకా ఆగు" అంది అవ్వ. "మూడేళ్ల కిందట నువ్వు ఆగలేనిది ఆ నాలుగు నెలలే."

ఆగారు. వానలు వెలిశాక అవ్వ రెండు ముళ్లూ వాగులో వేసింది. ఎంతసేపు పట్టిందో తెలుసా? రేగుపండు తిని గింజ ఊసినంతసేపు. సూదమ్మ తల దించుకుని వాగు దాటింది. బరిసయ్య బొరియకు పోతే ఉడుము లోపల్నుంచి కదల్లేదు. బరిసయ్య కొండ కింద నిలబడి, "మొలకా! అమ్మా మొలకా!" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు.

నీతి: ఇద్దరికీ విడిపోవాలని ఉన్నప్పుడు ఇద్దరూ ఒప్పుకుని మర్యాదగా విడిపోవాలి, ఎవరు గెలిచారో తేలాలని పట్టుబడితే ఆ దెబ్బలు తినేది పిల్లలే.