సింగారమ్మ కొండ

ఎండలు మాడ్చే ఒక దేశపు రాజుకు భూమి ఉత్తరపు కొసకు పటం గీయించాలని బుద్ధి పుట్టింది. పటాలు గీసేవాణ్ణి ఓడ ఎక్కిస్తూ ఒకే మాట చెప్పాడు. కనిపించిన ప్రతిదానికీ తన చుట్టాల పేర్లే పెట్టాలి.

అక్కడ సూర్యుడు అస్తమించడం మానేసి ఆకాశం చుట్టూ తిరుగుతున్నాడు. పటాలవాడికి సంతోషంతో తల తిరిగిపోయింది. పెద్దరాణికి శిఖరం, బావమరిదికి అఖాతం, పెంపుడు చిలక్కి ఏకంగా దీవి రాసిచ్చాడు. తీరా చూస్తే చిన్నరాణి కొండ పెద్దరాణి కొండ కంటే జానెడు ఎత్తు తేలింది. వెంటనే నావికుల్ని పైకెక్కించి ఆ జానెడు మంచూ చెక్కించేశాడు. నవ్వకండి, కొలువులో ఉన్నవాడి కష్టం అది.

ఓడలో వంటవాడు గరిటె పట్టుకునే వచ్చి నిలబడ్డాడు.

"మా అమ్మ పేరు సింగారమ్మండి. ఆ పేరెట్టి పిలిసినోళ్ళే లేరు. అందరూ వంటోడి అమ్మంటారు. ఓ మూలెక్కడైనా రాయండి బాబూ."

"మిగిలింది అదొక్కటే. తీసుకో," అన్నాడు పటాలవాడు, ఒడ్డుకు అంటుకుని ఉన్న పొట్టి తెల్లకొండను చూపించి.

వంటవాడు దాని మీదికెక్కి, అమ్మ ఇచ్చిన ఎర్ర దుప్పటిని తెడ్డుకు కట్టి పాతాడు. జారిపడేదాకా గంతులేశాడు.

మరుసటి ఏడు రాజు మనుషులు వెళ్ళి సరిచూశారు. చిలక దీవితో సహా అన్నీ ఉన్నాయి. సింగారమ్మ కొండ లేదు. ఆ చోట నీళ్ళున్నాయి.

"లేని కొండ గీసినవాణ్ణీ, గీయించినవాణ్ణీ సముద్రంలోకి తోసెయ్యండి. వెళ్ళి వెతుక్కుంటారు," అన్నాడు రాజు.

రాజుగారి చుట్టాలంతా పట్టుబట్టలు కట్టుకుని రేవుకు వచ్చారు. సింగారమ్మ వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని వదలలేదు. తోయబోయిన భటుడు సముద్రం వైపు చూసి చేతులు దించేశాడు. నెత్తిన ఎర్ర దుప్పటితో తెల్లకొండ ఒకటి నింపాదిగా ఇటే వస్తోంది. అది కొండ కాదనీ, తేలే మంచుగడ్డ అనీ పటాలవాడికి అప్పుడు తెలిసింది.

"సింగారమ్మ కొండ," అన్నారెవరో. రేవు రేవంతా ఆ పేరే అందుకుంది. ముసలమ్మ సిగ్గుపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటే, పిలవకుండానే ఇంత దూరమొచ్చీసినావా?"

రాజు ఇద్దర్నీ వదిలెయ్యమని చెయ్యి ఊపాడు. కొండ కరిగిపోయేలోపు సింగారమ్మ ఓ ముక్క కొట్టి తెచ్చి, ఆ నీళ్ళతో అందరికీ గంజి కాచింది.

పటంలోంచి ఆ పేరు కొట్టేశారు. రాజుగారి చుట్టాలు మాత్రం ఇంకా రేవు వదల్లేదు. ఉత్తరం వైపే చూస్తున్నారు. పెద్దరాణి ఉండుండి తన పేరు తనే గట్టిగా పిలుస్తోంది.