తుంగి నోరు విప్పిన రోజు

పెద్ద మడుగు మీద పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. కలువలు నీళ్ళలో ఉన్నాయో మబ్బులో ఉన్నాయో తెలిసేది కాదు. గాలివాన వెళ్ళిపోయినా అక్కడి ప్రాణులు కొన్ని అలాగే, ఎక్కడా ఆనకుండా తేలుతూ ఉండేవి. ఆ వానలో పిల్లల్ని పోగొట్టుకున్న నీటికోడి తుంగి పలకరిస్తే పలికేది కాదు. ఆకు కదిలితే చాలు, తాబేలు బండయ్య తల లోపలికి లాక్కునేవాడు.

వీళ్ళకి ఊరట దొరికే చోటొకటి కట్టాలని, మడుగుకి పెద్ద దిక్కైన నల్లమ్మ గేదె అందర్నీ మిట్ట మీదికి పిలిచింది.

"నాకొదిలెయ్ పెద్దమ్మా," అన్నాడు జంబన్న నక్క. "చుట్టూ రెల్లు దట్టంగా కట్టి, పైన కప్పేసి, ఒక్కటే వాకిలి పెడదాం. బయటిది కనబడకపోతే భయమే ఉండదు. వాకిట్లో పెత్తనం నాది."

"వాళ్ళనో మాట అడగొద్దూ?" అంది నల్లమ్మ.

"మనసు చెదిరినవాళ్ళకేం తెలుస్తుంది? పిచ్చివాడి చేతికి రాయిచ్చినట్టే!"

ఎన్నాళ్ళకో తుంగి నోరు విప్పింది. "నాకు ఆకాశం కనబడాలి జంబన్నా. కనబడకపోతే ప్రతి చప్పుడూ ఆ రోజు చప్పుడే."

"విన్నారా, మతిలేని మాట!" జంబన్న పకపకా నవ్వాడు.

నల్లమ్మ నెమరు ఆపింది. "సరే, కట్టు. ముందు నువ్వే ఓ పూట ఉండి చూడు."

"పూటేం ఖర్మ, పక్షం రోజులుంటా!"

కట్టడం అయింది. జంబన్న దర్జాగా లోపలికెళ్ళాడు. మధ్యాహ్నం చిరుగాలి లేచింది. నాలుగు వైపులా రెల్లు గలగలమంది. ఎటునుంచో తెలియదు, ఎంత దూరమో తెలియదు. గాలివాన మళ్ళీ వచ్చిందనుకుని, వాకిలి సంగతే మరిచిపోయి, గోడ చీల్చుకుని బురదలో బోర్లా పడ్డాడు. బయట ఎండ. తూనీగలు ఎగురుతున్నాయి.

"తనదాకా వస్తే గానీ తెలియదు," అన్నాడు బండయ్య, తల సగం బయటపెట్టి.

తుంగి నవ్వలేదు. వణుకుతున్న నక్క పక్కకొచ్చి మాటాడకుండా కూర్చుంది. వణుకు తగ్గేదాకా కదల్లేదు.

"ఇలాగేనా నీకూ కావాల్సింది?" మెల్లగా తుంగిని అడిగింది నల్లమ్మ.

"ఇలాగే."

మర్నాడు గోడలు పీకి, ఆ రెల్లుతోనే నీటి మీద తేలే పరుపు అల్లారు. ఎక్కడ ఏముండాలో తుంగి, బండయ్య చెప్పారు. వాకిలే లేదు గనక వాకిట్లో పెత్తనమూ లేదు. జంబన్న తోక ముడుచుకుని రెల్లు మోశాడు.

"నన్నేమీ అడగరా?" అన్నాడు చివరికి.

"అడుగుతాం," అంది తుంగి. "గోడ చీల్చింది నువ్వేగా. లోపల ఏం భయమేసిందో చెప్పు."

గాయపడ్డవాణ్ణి అడక్కుండా వేసిన కట్టు, వాడి నోటికి వేసినట్టే.