పొడి పక్కన మాత్ర

దస్తగిరికి రక్తంలో పొటాషియం ఎక్కువైంది. కిడ్నీలు నీరసించాయని, ఇలాగే ఉంటే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఒక పొడి ఇచ్చి, నీళ్ళలోనే కలుపుకోమంది. దానికీ మిగతా మాత్రలకూ మూడు గంటల ఎడం ఉండాలంది. ఈ ఏడు రంజాన్ ఉపవాసాలు వద్దంది.

మా కాలేజీ రోజుల్లో పొటాషియం అంటే కిరోసిన్ సీసాలో ముంచిపెట్టిన మెత్తటి లోహం. నీళ్ళు తగిలితే మండుతుందని మాస్టారు మమ్మల్ని దూరంగా నిలబెట్టి చూపించేవారు. అదే అరటిపండులోనూ కొబ్బరినీళ్ళలోనూ ఖర్జూరంలోనూ ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. దస్తగిరికి డాక్టరమ్మ అదీ చెప్పింది.

దస్తగిరి గుట్ట కింది దర్గాలో బుడన్ షా హజ్రత్ గారి శిష్యుడు. రంజాన్ నెలంతా తెల్లవారకముందే వీధుల్లో డప్పు కొడుతూ జనాన్ని సహరీ భోజనానికి లేపేది అతనే. ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క రోజా, అంటే ఒక్క ఉపవాసం కూడా తప్పలేదని ఊళ్ళో పేరు. డాక్టరమ్మ ఏమన్నదని హజ్రత్ అడిగితే, "రోజా ఉండొచ్చన్నారు హజ్రత్" అన్నాడు.

నెల సగం గడవకముందే, ఒక మధ్యాహ్నం నమాజుకి కాళ్ళు కడుక్కుంటూ కుప్పకూలాడు. హజ్రతే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది.

తేరుకున్నాక డాక్టరమ్మ అడిగింది. "పొడి వేసుకోవడం లేదా?"

"వేసుకుంటున్నానమ్మా. సహరీలో."

"మాత్రలు?"

"అవీ అప్పుడే. పగలు ఏదీ మింగకూడదు కదా, అన్నీ కలిపి..."

"నీళ్ళతోనేనా?"

"ఖర్జూరాలు నానబెట్టిన పాలతో" అన్నాడు. "ఉపవాసానికి బలమని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "తగ్గడానికి మందిస్తే, ఎక్కించేదాంట్లో కలుపుకుని తాగారు. ఆ పొడి పక్కన ఏ మాత్ర ఉన్నా పట్టేసుకుంటుంది, అది ఒంటికి అందదు. అందుకే ఎడం పెట్టమన్నది. ఉపవాసం వద్దని ముందే చెప్పానా లేదా?"

హజ్రత్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. దస్తగిరి తల ఎత్తలేదు. ఇంటికి పంపేరోజు ఆటోలో కూడా హజ్రత్ ఆ అబద్ధం మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది దస్తగిరికి.

శుక్రవారం. పక్క మసీదులో నమాజు అయ్యి జనం బయటికొస్తున్న వేళ, హజ్రత్ అతన్ని దర్గా ముందు వసారాలో కూర్చోబెట్టారు. పొద్దున మాత్రలు ఎప్పుడు వేసుకున్నాడో అడిగి తెలుసుకున్నారు. గ్లాసులో నీళ్ళు పోసి, చెంచాతో కొలిచి, పొడి తానే కలిపారు. ఆయన మాత్రం ఉపవాసంలోనే ఉన్నారు.

"తాగు."

దస్తగిరి వీధి వైపు చూశాడు. "హజ్రత్, పరదా వేసుకుందాం."

హజ్రత్ లేచి పరదా దగ్గరికి వెళ్ళారు. దాన్ని తీగ మీంచి పూర్తిగా లాగేసి, మడత పెట్టి తెచ్చి, దస్తగిరి నడుము వెనక ఆనించారు.

"నిటారుగా కూర్చుని తాగమన్నారు" అన్నారు.

"ఒక్కటీ తప్పలేదన్న పేరు హజ్రత్. ఈ వయసులో..."

"పొడి పక్కన మాత్ర పెట్టుకుంటే ఏమవుతుందన్నారు?"

"పొడి పట్టేసుకుంటుందన్నారు. ఒంటికి అందదన్నారు."

"రోజా పక్కన నువ్వేం పెట్టుకున్నావు?"

దస్తగిరి గ్లాసు అందుకున్నాడు. అప్పుడే మసీదు నుంచి వస్తున్న పాలవ్యాపారి జిలానీ వసారా ముందు ఆగాడు.

"ఏంది దస్తగిరి మామా, రోజా లేదా?"

వెనకాల వస్తున్నవాళ్ళు కూడా చూశారు.

"లేదు" అన్నాడు దస్తగిరి. "డాక్టరమ్మ ముందే వద్దన్నది. నేనే చెప్పకుండా ఉన్నా."

"ఇకనుంచి మమ్మల్నెవరు లేపుతారు మరి?" అన్నాడు జిలానీ.

"నేనే లేపుతా."

తలవంచుకుని తాగి, గ్లాసు కింద పెట్టబోయాడు. హజ్రత్ గ్లాసులోకి తొంగి చూశారు.

"అడుగున ఇంకా ఉంది" అన్నారు.

దస్తగిరి ఇంకాసిని నీళ్ళు పోసుకుని, గ్లాసు తిప్పి, అదీ తాగాడు.